ఊరికి ఎన్ని పొయ్యిలు, ఇంటికి ఎంత రాబడి?

ఒక ఊరు, ఒక తండా, ఒక వార్డు. ఇంత చిన్న చోట ఎన్ని కుటుంబాలున్నాయి, ఇంటికి ఎంతమంది, నెలకు ఎంత వస్తుంది అని ఎలా లెక్కగట్టాలి? ఈసారి ప్రశ్నలన్నీ దీని చుట్టూనే తిరిగాయి. ప్రభుత్వం ప్రకటించిన అంకెలను ఉన్నవున్నట్టు ఇచ్చాం. లెక్క అర్థం కావడానికి మేం వేసుకున్న అంకెలకు ‘అనుకుందాం’ అని చేర్చాం. వాటిని ఎక్కడా వాడుకోవద్దని మనవి.

ప్రశ్న: మా ఊళ్లో చిన్న సూపర్ మార్కెట్ పెడదామనుకుంటున్నాను. కుటుంబాలు ఎన్ని అంటే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు. పంచాయతీలో ఇళ్లు 1,900 అంటారు. లైన్‌మన్ ఇళ్ల మీటర్లు 1,690 అంటాడు. 2011 జనాభా లెక్కల్లో 1,180 కుటుంబాలు, 5,310 మంది అని ఉంది. ఊళ్లో అప్పటికే గురుకుల పాఠశాల ఉంది, అందులో 480 మంది పిల్లలు. ఏ లెక్క పట్టుకోవాలి? – కిరాణా వ్యాపారి, జనగామ జిల్లా

జవాబు: మూడు లెక్కలూ నిజమే కావచ్చు. కాకపోతే మూడూ ఒకే వస్తువును లెక్కపెట్టలేదు. పంచాయతీది ఇంటి పన్ను రిజిస్టరు, అంటే కట్టడాల లెక్క. తాళం వేసి హైదరాబాద్ వెళ్లినవారి ఇల్లు, రోడ్డు మీది షట్టర్లు కూడా అందులో ఉంటాయి. లైన్‌మన్‌ది కనెక్షన్ల లెక్క. జనగణనలో కుటుంబం అంటే ఒకే వంటింటి వంట కలిసి తినేవాళ్లు. అన్నదమ్ములిద్దరూ ఒకే కప్పు కింద ఉన్నా వేరుపడి రెండు పొయ్యిలు పెట్టుకుంటే అవి రెండు కుటుంబాలు. సరుకు కొనేది పొయ్యే కాబట్టి మీకు కావాల్సింది ఈ మూడో లెక్క.

ముందు 2011 అంకెను శుభ్రం చేద్దాం. 5,310ని 1,180తో భాగిస్తే 4.5 వస్తుంది. ఇది తప్పుదారి పట్టించే అంకె. జనగణన ప్రాథమిక సారాంశంలో హాస్టళ్లు, ఆశ్రమాలు, జైళ్ల వంటివి ‘సంస్థాగత కుటుంబాలు’గా కలిసిపోయి ఉంటాయి. మీ గురుకులంలో 480 మంది ఉన్నా కుటుంబాల లెక్కలో అది ఒక్కటే. ఆ 480 మందిని, ఆ ఒక్క కుటుంబాన్ని తీసేయండి. 4,830ని 1,179తో భాగిస్తే 4.1. ఒక్క హాస్టల్ మీ ఊరి సగటును 0.4 పెంచేసింది. జిల్లా స్థాయిలో ఇలాంటివి కనపడకుండా పోతాయి, ఊరి స్థాయిలో కొంప ముంచుతాయి.

దీన్ని సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. ఇళ్ల జాబితా పట్టికల్లో ప్రతి ఊరికీ, ప్రతి వార్డుకూ ఒకరున్న ఇళ్లు ఎంత శాతం, ఇద్దరున్నవి ఎంత, ముగ్గురు, నలుగురు, అయిదుగురు, ఆరు నుంచి ఎనిమిది మంది, తొమ్మిది ఆపైన అని శాతాలు ఉంటాయి. ఇవి మామూలు కుటుంబాలవే, హాస్టళ్లు కలవవు. ఆ శాతాలు వరసగా 5, 12, 15, 32, 18, 15, 3 అనుకుందాం. ఆరు–ఎనిమిది గుంపులో ఎక్కువ ఇళ్లు ఆరుగురివే కాబట్టి దానికి 7 వేయొద్దు, 6.6 వేయండి. తొమ్మిది ఆపైన అన్నదానికి 10.5 వేయండి. గుణించి కూడితే 4.2 వస్తుంది. పైన వచ్చిన 4.1కి దగ్గరగా ఉంది కాబట్టి నమ్మొచ్చు.

తర్వాత ఇప్పటి కాలానికి తెచ్చుకోవాలి. 2011లో ఇప్పటి తెలంగాణ ప్రాంతపు సగటు దాదాపు 4.2. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కుల సర్వేలో 1,12,15,134 కుటుంబాలు, 3,54,77,554 మంది నమోదయ్యారు. భాగిస్తే 3.16. అయితే ఆ సర్వేలో 3,56,323 కుటుంబాలు నమోదు కాలేదు. నమోదైన ఇళ్లలోనూ ఊళ్లో లేనివాళ్ల పేర్లు జారిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుకే 3.16ను కింది గీతగా చూసి 3.25 దగ్గర నిలబడటం మంచిది. 3.25ను 4.2తో భాగిస్తే 0.77. మీ ఊరి 4.1ని దాంతో గుణిస్తే దాదాపు 3.15. మీ ఊళ్లో సైజు రాష్ట్రంతో పాటే తగ్గిందన్న నమ్మకం మీద నిలబడ్డ లెక్క ఇది.

కుటుంబాల సంఖ్యకు మీటర్లే మంచి ఆధారం, కొంచెం చెక్కుకోవాలి. వరసగా రెండు నెలలు 10 యూనిట్లు కూడా తిరగని మీటర్లు ఎన్నో అడగండి. 130 అనుకుందాం. మిగిలినవి 1,560. ఇక ఊరికి రెండు చివర్లా రెండు వీధులు ఎంచుకుని నూరిళ్లు తిరగండి. ఒకే మీటరు కింద రెండు పొయ్యిలున్నవి నాలుగు కనపడ్డాయనుకుందాం. 1,560కి నాలుగు శాతం 62. మొత్తం 1,622 కుటుంబాలు, 3.15తో గుణిస్తే 5,100 పైచిలుకు మంది. హాస్టల్ తీసేశాక 2011లో 4,830 ఉన్న ఊరికి ఇది సబబైన పెరుగుదల. ఒకవేళ 7,000 వచ్చి ఉంటే ఎక్కడో ఒక అంకె పొరపాటని అర్థం. మీ దుకాణం లెక్కకు కుటుంబాలు 1,550 నుంచి 1,700, సైజు 3.0 నుంచి 3.3 అని రాసుకోండి.

ప్రశ్న: 2018లో మా తండా పంచాయతీ అయింది. ప్రణాళికలో కుటుంబాల సంఖ్య, జనాభా రాయమంటున్నారు. 2011 జనాభా లెక్కల్లో మా తండా పేరే లేదు. – పంచాయతీ పాలకవర్గ సభ్యుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ఉండదు. జనగణన లెక్కగట్టింది రెవెన్యూ గ్రామాన్ని. 2018 ఆగస్టులో తెలంగాణలో కొత్తగా వచ్చిన 4,383 పంచాయతీల్లో చాలావాటిది ఇదే ఇబ్బంది. వాటి జనం పాత ఊరి అంకెలో కలిసిపోయి ఉన్నారు.

విడదీయడానికి ఒక ఉపాయం ఉంది. ఊరివారీ ప్రాథమిక సారాంశంలో షెడ్యూల్డ్ తెగల జనాభా విడిగా ఇస్తారు. తెలుగు రాష్ట్రాల్లో లంబాడీలు ఆ జాబితాలోనే ఉన్నారు. మీ రెవెన్యూ గ్రామంలో వేరే తెగల కుటుంబాలు లేకపోతే, అసలు ఊళ్లో ఉంటున్న లంబాడీ ఇళ్లు నాలుగైదే అయితే, ఆ అంకె దాదాపు మీ తండా జనాభాయే. ఎరుకల, కోయ కుటుంబాలుంటే ముందు వాటిని తీసేయాలి. ఒకే రెవెన్యూ గ్రామంలో రెండు మూడు తండాలుంటే, ఆ మొత్తాన్ని పోలింగ్ కేంద్రాల ఓటర్ల నిష్పత్తిలో పంచండి. జనాభా ఎంతో నేరుగా ఓటర్ల జాబితాను చూసి చెప్పొద్దు. పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్లల పేర్లు ఏళ్ల తరబడి అందులో ఉండిపోతాయి. నిష్పత్తికైతే పరవాలేదు, ఆ తప్పు అన్ని తండాల్లోనూ ఒకే తీరున ఉంటుంది.

సైజు విషయంలో మాత్రం పాత ఊరి సగటును తండాకు అంటించొద్దు. రెండు వేర్వేరుగా ఉండొచ్చు. మీ దగ్గర ఉన్నవి రెండు మూడు వందల ఇళ్లే కదా, ఒక్క ఆదివారం అందరూ కూర్చుంటే పొయ్యి లెక్కన జాబితా అయిపోతుంది. అంత చిన్న చోట అంచనా కంటే లెక్కపెట్టడమే తేలిక.

ప్రశ్న: 2024–25లో తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలని చదివాను. ఇంటికి 3.25 మంది చొప్పున గుణిస్తే ఏడాదికి 12.3 లక్షలు. మా కాలనీలో ఎవరికీ అంత రాదు. లెక్క ఎక్కడ తప్పింది? – విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: మీ గుణకారం తప్పలేదు. ఆ అంకె ఇళ్లకు చేరిన డబ్బు కాదు, అదీ తిరకాసు. రాష్ట్రంలో తయారైన సరుకులు, సేవల విలువలోంచి తరుగుదల తీసేసి, మిగిలినదాన్ని జనాభాతో భాగిస్తే వచ్చేదే తలసరి ఆదాయం. సాఫ్ట్‌వేర్, మందుల కంపెనీల దగ్గర మిగిలే లాభం అందులోనే ఉంటుంది. ఆ లాభంలో కొంత వేరే రాష్ట్రంలోని, వేరే దేశంలోని వాటాదారులకు పోతుంది. అది ఖమ్మంలోని మీ కాలనీకి రాదు. జిల్లా తలసరి అంకెలతో ఈ చిక్కు ఇంకా పెద్దది. పని జరిగే జిల్లా ఒకటి, ఆ జీతం తీసుకునేవాళ్లు నివసించే జిల్లా ఇంకొకటి అవుతుంది.

ఇళ్ల స్థితికి దగ్గరగా ఉండేది కుటుంబ వినియోగ వ్యయ సర్వే. 2023–24లో తెలంగాణ పల్లెల్లో మనిషికి నెల ఖర్చు 5,435 రూపాయలు, పట్టణాల్లో 8,978. ఆంధ్రప్రదేశ్‌లో 5,327, 7,182. మీరు గుణించిన అంకె నెలకు లక్షపైన తేలుతుంది. ఖర్చు సర్వే ప్రకారం పట్టణ కుటుంబం నెల ఖర్చు 29,000 దగ్గర ఉంటుంది. సంపన్నులు సర్వేలకు సరిగా దొరకరు, కాబట్టి ఖర్చు సర్వే కొంత తగ్గించి చూపిస్తుందన్నదీ నిజమే. అయినా మీ కాలనీ గురించి మాట్లాడేటప్పుడు పట్టుకోవాల్సింది రెండోదాన్నే.

ప్రశ్న: మా స్వయం సహాయక సంఘాల సమాఖ్య అప్పుల ప్రణాళికకు ఊరివారీ కుటుంబ ఆదాయం కావాలి. జనాభా లెక్కల్లో ఆదాయం అడగరు కదా, ఎలా? – సమాఖ్య లెక్కల బాధ్యురాలు, మెదక్ జిల్లా

జవాబు: అడగరు, నిజమే. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణన ఆదాయం ఊసెత్తింది. అదీ ఇంట్లో అందరికంటే ఎక్కువ సంపాదించే మనిషికి నెలకు 5,000 లోపా, 10,000 లోపా, ఆపైనా అని మాత్రమే. దేశంలో పల్లె కుటుంబాల్లో నాలుగింట మూడు వంతులు మొదటి గడిలోనే పడ్డాయి. మీ ఊళ్ల మధ్య తేడా చూపించడానికి అది అక్కరకు రాదు.

చేయగలిగిన పని ఇది. రాష్ట్ర సర్వేకు, మీ ఊరికి రెండింటికీ తెలిసిన ఒక గుర్తును పట్టుకుని, సర్వే నుంచి రూపాయలను, ఊరి నుంచి శాతాలను తీసుకోవాలి. ఉదాహరణకు బండి, అంటే స్కూటరో మోటారు సైకిలో. ఖర్చు సర్వే కుటుంబాలవారీ డేటాను ఎవరైనా దించుకోవచ్చు. అందులో తెలంగాణ పల్లె ఇళ్లలో బండి ఉన్నవారి తలసరి నెల ఖర్చు 6,100, లేనివారిది 4,500 అని తేలిందనుకుందాం. మీ ఊళ్లో బండి ఉన్న ఇళ్ల మనుషులు 46 శాతం అనుకుందాం. 6,100లో 46 శాతం 2,806. 4,500లో 54 శాతం 2,430. కలిపితే 5,236. ఇదీ మీ ఊరి తలసరి నెల ఖర్చు అంచనా.

ఒక్క గుర్తుతో ఆగొద్దు. కప్పు రకం, ఇంటి సైజు, ప్రధాన జీవనాధారం కూడా కలిపి ఎనిమిదో పదో గడులు చేసుకుంటే అంచనా గట్టిపడుతుంది. గడికి సర్వేలో కనీసం 50 ఇళ్లయినా లేకపోతే పక్క గడితో కలిపేయండి. ఇంటి సైజును వదిలేస్తే ఒక తప్పు తప్పకుండా జరుగుతుంది. ఆరుగురున్న ఇంటి ఖర్చు ముగ్గురున్న ఇంటికి రెట్టింపు ఉండదు. పెద్ద కుటుంబాలున్న ఊరికి రాష్ట్ర తలసరిని తీసుకెళ్లి ఆరుతో గుణిస్తే లేని సంపద పుట్టుకొస్తుంది.

మీ ఊళ్లోనూ ఇంటికి 3.15 మందే అనుకుందాం. 5,236ను దాంతో గుణిస్తే ఇంటి ఖర్చు 16,500 దగ్గర. ఇక ఖర్చు నుంచి ఆదాయానికి పోవాలి, ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. నాబార్డ్ గ్రామీణ సర్వే 2016–17లో కుటుంబ నెల ఆదాయం 8,059, ఖర్చు 6,646. 2021–22లో ఆదాయం 12,698, ఖర్చు 11,262. మొదటిసారి ఆదాయం ఖర్చుకు 1.21 రెట్లు, రెండోసారి 1.13 రెట్లు. అయిదేళ్లలోనే ఇంత మారే నిష్పత్తిని ఒక్క అంకెగా పట్టుకోలేం. మీ ఊరికి 18,600 నుంచి 20,000 అని ఎడం ఇచ్చి రాయండి. ఉచిత బియ్యం విలువ ఈ 5,435 అంకెలో కలవదన్నది కూడా కింద రాసిపెట్టుకోండి.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. బండి ఉన్న ఇల్లు ఎక్కడున్నా ఒకటే అని ఇది నమ్ముతుంది. అందుకే అన్ని ఊళ్లూ మధ్యకు జరుగుతాయి. అడవి అంచు ఊరికి ఉన్నదానికంటే ఎక్కువ, హైవే పక్క ఊరికి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. గల్ఫ్‌కు వెళ్లే ఊళ్లలో, ముఖ్యంగా జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ వైపు, ఇంకో చిక్కు. మనిషి దుబాయిలో ఉంటాడు కాబట్టి ఇంటి సైజులో లేడు, అతను పంపే డబ్బు మాత్రం ఇంట్లో ఉంది. అలాంటి ఊళ్లను విడిగా ఒక గుంపు చేసి, డబ్బు పంపే మనిషి ఉన్న ఇళ్ల శాతాన్ని తప్పకుండా ఒక గుర్తుగా తీసుకోండి. మీ సంఘాల సభ్యులకు ఈ సంగతి ఇంటింటికీ తెలుసు. ఏ సర్వే దగ్గరా లేని సమాచారం అది.

ప్రశ్న: రేషన్ కార్డులను బట్టి పేద కుటుంబాల శాతం చెప్పవచ్చా? – డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: చెప్పలేం. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు ఆదాయ పరిమితి పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000. తెలంగాణలో ఏడాదికి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. ఇవి అర్హత గీతలే. కార్డు చూసి ఇంట్లోకి వచ్చేది ఎంతో చెప్పలేం. పైగా కార్డు కుటుంబం, పొయ్యి కుటుంబం ఒకటి కావు. పెళ్లయిన కొడుకు కలిసే తింటున్నా వేరు కార్డు ఉంటుంది. వేరుపడ్డ కొడుకు పేరు తండ్రి కార్డులోనే ఉంటుంది. ఒక ఊళ్లో కాలక్రమంలో మార్పు చూడటానికైతే కార్డులు కొంత పనికొస్తాయి.

ప్రశ్న: ఖర్చు సర్వే డేటాతో మండలవారీ అంచనాలు వేయాలని నా ప్రాజెక్టు. కొన్ని మండలాల్లో ఒక్క ఇల్లూ లేదు, కొన్నింట్లో 18 ఇళ్లున్నాయి. ఏం చేయాలి? – స్టాటిస్టిక్స్ పీజీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఆ 18 అన్నది యాదృచ్ఛికంగా వచ్చిన అంకె కాదు. 2022–23 నుంచి ఈ సర్వేలో ఎంపికైన ప్రతి ఊరిలో, ప్రతి పట్టణ బ్లాకులో 18 ఇళ్లు తీసుకున్నారు. అంటే మీకు కనపడ్డది మండలం కాదు, ఒక ఊరు. దాంతో మండల సగటు రాయకండి.

జిల్లా దగ్గర మొదలుపెట్టండి. జిల్లాలో 20 ఊళ్లు, 360 ఇళ్లు వచ్చాయనుకుందాం. 360 అని సంబరపడొద్దు. ఒక ఊరి ఇళ్లు ఒకదానికొకటి పోలి ఉంటాయి. ఆ పోలిక 0.15 అయితే డిజైన్ ప్రభావం (ఇళ్లను ఊరి గుంపులుగా తీసినందుకు బలం ఎన్నో వంతుకు తగ్గుతుందో చెప్పే అంకె) ఒకటికి 17 రెట్ల 0.15 కలిపితే వచ్చే 3.55. 360ని దాంతో భాగిస్తే నికరంగా మిగిలేది 101 ఇళ్ల బలం. స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటూ ఇటూ ఊగగలదో చెప్పే కొలత) లెక్కించేటప్పుడు ఊరిని గుంపుగా చూపించకపోతే మీ సాఫ్ట్‌వేర్ అసలులో దాదాపు సగం ఎర్రరే చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. ఒక్కో సర్వే ఇల్లు ఎన్ని ఇళ్ల తరఫున నిలబడుతుందో చెప్పే వెయిట్లను వదిలేయడం ఇంకా పెద్ద తప్పు.

ఇక అసలు పద్ధతి. 1979లో ఫే, హెరియట్ అనే గణాంక నిపుణులు అమెరికాలో వెయ్యి మంది లోపున్న చిన్న ఊళ్ల తలసరి ఆదాయం కోసమే దీన్ని చూపించారు. అంతకు ముందు 500 మంది లోపున్న ఊళ్లకు అక్కడ కౌంటీ అంకెనే అంటించేవారు. వాళ్ల ఆలోచన చాలా సహజమైనది. సర్వే నేరుగా చెప్పిన మాట ఒకటి, జిల్లా లక్షణాల నుంచి రిగ్రెషన్ చెప్పిన మాట ఒకటి. ఏది ఎంత గట్టిదో చూసి రెండింటినీ కలపాలి. సర్వే అంచనా 5,900, దాని ఎర్రర్ 500. రిగ్రెషన్ అంచనా 5,200, జిల్లాల మధ్య మోడల్‌కు అందని తేడా 300 అనుకుందాం. సర్వేకు ఇచ్చే బరువు: 300 వర్గాన్ని, 300 వర్గం 500 వర్గం కలిపిన మొత్తంతో భాగిస్తే 0.265. ఫలితం 5,200కు 700లో 0.265 వంతు కలిపితే 5,385. ఎర్రర్ 500 నుంచి దాదాపు 260కి దిగుతుంది. మోడల్ లెక్కల్లోని అనిశ్చితి కూడా కలిపితే ఇంకొంచెం ఎక్కువ. సర్వే ఇళ్లు అసలే లేని చోట బరువు సున్నా, రిగ్రెషన్ మాటే ఆధారం. ఆ మండలాలను మ్యాపులో వేరే రంగుతో చూపించడం నిజాయతీ.

మీరు పడబోయే గుంతలు రెండు చెబుతాను. ఖర్చును లాగరిథమ్‌లో మోడల్ చేసి, చివర్లో ఊరికే వెనక్కి తిప్పితే సగటు తగ్గిపోతుంది. అవశేషాల విచలనం 0.5 అయితే దాదాపు 12 శాతం తగ్గుతుంది, ఎందుకంటే తిప్పేటప్పుడు విస్తృతిలో (విచలనం వర్గంలో) సగం కలపడం మర్చిపోయారు. రెండోది సరిహద్దులు. 2011 అంకెలు పాత జిల్లాలవి. 2014లో ఖమ్మం నుంచి పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లా పేరుతో కలపొద్దు, ఊరి కోడుతో కింది నుంచి పైకి కూడుకుంటూ రండి. చివర్లో అన్ని జిల్లాలూ కలిపితే రాష్ట్రం ప్రకటించిన సగటు రావాలి. రాకపోతే అన్నింటినీ ఒకే నిష్పత్తిలో సవరించండి.

ఈ రంగానికి ప్రపంచంలో పెద్ద దిక్కుగా నిలిచినవారిలో ఒకరు మన ఏలూరులో పుట్టిన జె.ఎన్.కె. రావు గారు. కెనడాలో కార్లటన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఆయన రాసింది చదవకుండా ప్రాజెక్టు రాయకండి.

ప్రశ్న: మా తెలుగు సంఘం బడి పెట్టడానికి మూడు ట్రాక్టుల (అమెరికా జనగణన చేసుకున్న చిన్న విభాగాల) కుటుంబ ఆదాయం, సైజు చూస్తున్నాం. మూడు మీడియన్లను సగటు చేశాం. సరేనా? – న్యూజెర్సీ

జవాబు: మధ్యగతాలను, అంటే మీడియన్లను, సగటు చేయకూడదు. ఇళ్లను ఆదాయం ప్రకారం పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండే ఇంటి అంకె మధ్యగతం. వంద ఇళ్లున్న ట్రాక్టుకూ రెండు వేల ఇళ్లున్న ట్రాక్టుకూ సమాన బరువు ఇచ్చినట్టవుతుంది. ఇళ్ల సంఖ్యతో బరువు ఇచ్చినా మధ్యగతం రాదు. అమెరికన్ కమ్యూనిటీ సర్వే అయిదేళ్ల పట్టికల్లో బి19001 తీసుకోండి. అందులో ఆదాయపు మెట్లు 16 ఉంటాయి. మూడు ట్రాక్టుల ఇళ్లను మెట్టుమెట్టుకూ కూడి, సగం ఇళ్లు దాటే మెట్టు ఎక్కడుందో పట్టుకుని, ఆ మెట్టులో ఎంత దూరం పోవాలో నిష్పత్తిలో లెక్కించండి. సరాసరి చాలనుకుంటే బి19025లోని మొత్తం ఆదాయాన్ని కూడి ఇళ్ల సంఖ్యతో భాగిస్తే చాలు. కుటుంబ సైజు బి25010లో ఉంది. దాన్ని కలపాలన్నా ఇళ్లలో ఉండే జనాన్ని కూడి ఇళ్లతో భాగించాల్సిందే.

పక్కన ఇచ్చే తేడా అంకెను (మార్జిన్ ఆఫ్ ఎర్రర్‌ను) తప్పక చూడండి. అది 90 శాతం నమ్మకానిది. మధ్యగతం 96,000, తేడా 24,000 అనుకుందాం. 1.645తో భాగిస్తే ఎర్రర్ 14,590, అంచనాలో 15 శాతం. అంత వదులు అంకెలతో రెండు ట్రాక్టుల్లో ఏది సంపన్నమైనదో తేల్చలేరు.

ప్రశ్న: ఊళ్లో వెయ్యి కుటుంబాలు. మేమే సర్వే చేసుకుంటాం. ఎన్ని ఇళ్లు చాలు? ఆదాయం అడిగితే నిజం చెబుతారా? – యువజన సంఘం, కృష్ణా జిల్లా

జవాబు: సైజుకు నూరిళ్లు చాలు, ఆదాయానికి చాలవు. ఇంటి సైజు ఊళ్లో ఎక్కువగా ఊగదు, విచలనం 1.7 దగ్గర ఉంటుందనుకుందాం. వెయ్యిలో నూరు తీస్తే సగటు 0.32 అటూ ఇటూగా దొరుకుతుంది. ఆదాయంలో విచలనం సగటుకు 90 శాతం అనుకుందాం. అదే నూరిళ్లతో 17 శాతం అటూ ఇటూ పోతుంది. 10 శాతం లోపు తేవాలంటే 238 ఇళ్లు కావాలి.

ముందు పొయ్యిల జాబితా రాసుకోండి. ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు రాసిన చీటీల్లో ఒకటి తీసి, అక్కణ్నుంచి ప్రతి నాలుగో పొయ్యికి వెళ్లండి. తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లకండి. తాళం ఉండేది ఇద్దరూ పనికెళ్లే చిన్న కుటుంబాలకే. పక్కింట్లో ముసలివాళ్లు, పిల్లలు ఉంటారు కాబట్టే తలుపు తీశారు. పక్కింటితో సరిపెడితే సైజు పెరుగుతుంది. రాత్రి ఏడు తర్వాత మళ్లీ వెళ్లండి, మూడుసార్లు దాకా. బడి పిల్లలను అడిగి రాసుకుంటే ఇంకా పెరుగుతుంది, పిల్లల్లేని ఇల్లు బడిలో కనపడదు కదా.

‘మీ ఆదాయం ఎంత?’ అని మాత్రం అడగొద్దు. కార్డు పోతుందని భయపడి తక్కువ చెబుతారు, లేదా అమ్ముడుపోయిన మొత్తమే చెబుతారు. ముక్కలుగా అడగండి. అయిదెకరాల కౌలు రైతును తీసుకోండి. ఎకరాకు 75 కిలోల వడ్ల బస్తాలు 30 అనుకుందాం, అంటే 22.5 క్వింటాళ్లు. 2025–26 మద్దతు ధర సాధారణ రకానికి 2,369 చొప్పున ఎకరాకు 53,302. అయిదెకరాలకు 2,66,510. ‘ఏడాదికి రెండున్నర లక్షలు’ అని రాసుకుని వచ్చేస్తే పని చెడినట్టే. కౌలు ఎకరాకు 12 బస్తాలు అనుకుందాం, అది 21,321. దుక్కి, విత్తనం, ఎరువు, మందులు, కూలీలు, కోత కలిపి 24,000 అనుకుందాం. మిగిలేది ఎకరాకు 7,981, అయిదెకరాలకు 39,905. పన్నెండు నెలలకు పంచితే నెలకు 3,325. అందులోనూ ఇంటి మనుషుల కష్టానికి కూలి కట్టలేదు. కౌలు బస్తాల రూపంలో ఇస్తారు కాబట్టి ‘ఖర్చెంత?’ అంటే చాలామంది దాన్ని చెప్పరు. విడిగా అడగాల్సిందే.

తర్వాత పాలు: రోజుకు ఎన్ని లీటర్లు అని కాదు, కేంద్రంలో నెలకు వచ్చిన బిల్లు ఎంత, దాణాకు పోయింది ఎంత, ఏడాదిలో ఎన్ని నెలలు పాలిచ్చింది అని. కూలి: గడిచిన వారంలో ఎన్ని రోజులు దొరికింది, ఎంత చొప్పున. దాన్ని 52తో గుణించొద్దు, నాట్లు, కోతల నెలలు వేరు, ఖాళీ నెలలు వేరు అని రెండు ప్రశ్నలు వేయండి. ఉపాధి హామీ రోజులు, పింఛను, బయటి ఊరి నుంచి వచ్చే డబ్బు విడి గడుల్లో రాయండి. అప్పు తెచ్చిన డబ్బు, పొలం అమ్మిన డబ్బు ఆదాయం కాదు.

ఫలితం ప్రకటించేటప్పుడు సగటు పక్కన మధ్యగతం కూడా రాయండి. ఇళ్లను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి సరిగ్గా మధ్య ఇంటి అంకె తీసుకోవడమే అది. ఊళ్లో రైస్ మిల్లు ఉన్న కుటుంబం మీ శాంపిల్‌లో పడితే సగటు ఎగిరిపోతుంది, మధ్యగతం కదలదు. ఆ ఇంటిని తీసేయొద్దు, మిల్లు కూడా ఊరిదే.